సత్రం తలుపు మీద ఎర్ర ఇంటూ

ఆ యేడు క్విరిన్ సత్రం పొగ నాకు మొదటినుంచీ నచ్చలేదు.

చర్చి పక్కన ఫాదరిగారి ఇంటి కప్పు మీద కూర్చుని పొగగొట్టంలోకి బ్రష్షు దించుతుంటే, వీధికి అవతల సత్రం గొట్టం కళ్ళెదురుగా కనిపిస్తుంది. అక్టోబరు మొదలు. ఊళ్ళో తక్కిన ఇళ్ళ పొగలు సన్నగా, తెల్లగా లేస్తున్నాయి. సత్రం పొగ మాత్రం పసుపుపచ్చగా, పైకి లేచే ఓపిక లేనట్టు కప్పు మీదికే పడుతోంది. గొట్టం నోటి కింద సున్నం మీద నల్లటి ధారలు కట్టాయి. ఎండ తగిలి అవి మెరుస్తున్నాయి. మసి మెరిసిందంటే మా వృత్తిలో వాళ్ళకి గుండె ఝల్లుమంటుంది. మంచి మసి పొడిగా ఉంటుంది, దులిపితే రాలుతుంది. మెరిసేది తారు. పచ్చి కట్టెలు కాల్చి, గాలి పోకుండా మూసిపెడితే గొట్టం లోపలి గోడలకి పట్టేస్తుంది. దాన్ని ఏ బ్రష్షూ కదపలేదు. అంటుకుందంటే మాత్రం ఇల్లు మిగలదు.

దిగి, బ్రష్షులు భుజాన వేసుకుని, తిన్నగా సత్రం వంటింటి వాకిట్లోకి వెళ్ళాను. క్విరిన్ గడప మీద అడ్డంగా నిలబడ్డాడు. మనిషే ఓ తలుపంత ఉంటాడు. సత్రానికి యజమాని, ఊరి పంచాయతీకి పెద్ద.

"ఎవరూ? లీన్‌హార్ట్ కూతురా? మీ నాన్నేడీ?"

"తుంటి విరిగి కుర్చీలో ఉన్నాడని తెలిసే అడుగుతున్నావు కదా మామా! వేసంగి నుంచీ తిరుగుతున్నది నేనే. ఊళ్ళో నీ ఇల్లొక్కటే మిగిలింది. జరుగు, గొట్టం చూడాలి."

"చూడక్కర్లేదు. పొగ గదిలో పంది తొడలు పొగ పట్టించడానికి వేలాడదీశాను, మా అమ్మాయి ఆఫ్రా పెళ్ళికి. ఆడగాలి తగిలితే మాంసం పాడవుద్ది."

"నీ వంటింట్లో ఉన్న ముగ్గురూ మీసాలు గీసుకుని వచ్చినవాళ్ళా?"

లోపల వంటచేసే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. క్విరిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నోటికేం తక్కువ లేదు నీకు. విను. పక్క లోయ హాస్లింగర్‌ని పిలిపించుకుంటా. అతగాడు మగాడు, పని తెలిసినవాడు. డిసెంబర్లో నికొలాస్ పండగకి పంచాయతీ కూర్చుంటుంది. ఈ లోయ గొట్టాలు ఎవరి చేతిలో ఉండాలో అప్పుడు తేలుస్తాం."

ఆ మాటకి అర్థం నాకు తెలుసు. మాలో ఒక లోయ గొట్టాలన్నీ ఒకే ఇంటివాళ్ళవి. తాత దులిపాడు, నాన్న దులిపాడు. మేముంటున్న ఇల్లు కూడా ఊరిదే, పని ఉన్నన్నాళ్ళే మాది. ఆ పని హాస్లింగర్‌కి పోతే నాన్న కుర్చీతో సహా మేం వీధిలో ఉంటాం. నేను ఇన్స్‌బ్రుక్ పట్నం వెళ్ళి, నవ్వుకునే మగాళ్ళ మధ్య ఈ పని పరీక్ష రాసి ప్యాసయ్యాను. క్విరిన్ దృష్టిలో మాత్రం ఇంకా మసి పూసుకుని ఆడుకునే పిల్లనే.

"తేల్చుకో మామా," అన్నాను. "గొట్టం మాత్రం అంతదాకా ఆగదు."

*

హాస్లింగర్ వచ్చాడు. టోపీ, ఇత్తడి బొత్తాలు, వంపు తిప్పిన మీసం. కప్పెక్కి ఒక్కసారి బ్రష్షు దించి, తీసి, కిందికొచ్చి మూడు గంటలు భోజనం చేసి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ చావడి దగ్గర నలుగురిలో అన్నాట్ట, "గొట్టం బంగారంలా ఉంది. బ్రష్షు వెన్నలో దిగినట్టు దిగింది" అని.

మా సెన్సి అత్త రొట్టెలు కొనడానికి వెళ్ళి ఆ కబురు మోసుకొచ్చింది. సెన్సి అత్త నాన్నకి అక్క. మా అమ్మ పోయినప్పటినుంచీ ఆవిడే మా ఇల్లు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

నేను చెంచా కింద పెట్టేశాను. "విన్నావా నాన్నా? వెన్నలో దిగిందట!"

నాన్న సూపు గిన్నె వైపే చూస్తున్నాడు. ఇటుక గొట్టంలో బ్రష్షు గరగరలాడుతూ దిగాలి. నున్నగా జారిందంటే లోపల ఇటుక తగలడం లేదని, తారు అద్దంలా పట్టేసిందని. ఇది నాకు ఎనిమిదో యేట నాన్నే చెప్పాడు.

"ఊరుకోవే బుర్గీ," అన్నాడు చివరికి. "క్విరిన్ నోటి మాటే పంచాయతీ. నికొలాస్ పండగ దాకా కళ్ళు మూసుకో. ఆ తర్వాత మెల్లగా నచ్చజెబుదాం."

"నవంబరు చివర కాథ్రైన్ పండక్కే పెళ్ళి. ఊరూ, పెళ్ళికొడుకు తరఫువాళ్ళూ, అందరికీ వంట. తెల్లారగట్ల నుంచి ఆ పొయ్యి ఆగకుండా మండుతుంది. అప్పుడంటుకుంటుంది నాన్నా. అంతమంది లోపలుండగా."

"అతను హాస్లింగర్ మాట నమ్మాడు. పాపం అతనిది."

"చచ్చేది మాత్రం ఆఫ్రా."

ఆఫ్రా క్విరిన్‌కి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చి నాన్న బొత్తాలు పట్టుకుని, కోరికలు కోరుకుని పరిగెత్తేది. పొగగొట్టాలవాణ్ణి ముట్టుకుంటే అదృష్టమని మావాళ్ళ నమ్మకం. పెళ్ళికూతురు ముట్టుకుంటే మరీనూ.

నేను లేచి గోడకి వేలాడుతున్న నాన్న తోలుసంచి దించాను. అందులో రెండు సుద్దముక్కలుంటాయి. తెల్లది, ఫలానా రోజు వస్తున్నామని ఇళ్ళ తలుపుల మీద రాయడానికి. ఎర్రది నాన్న జీవితంలో ఒక్కసారే వాడాడు. ఎర్ర ఇంటూ గుర్తు పడ్డ తలుపు వెనక పొయ్యి వెలిగించకూడదు. కాదని వెలిగిస్తే, ఆ ఇల్లు తగలబడినా ఊళ్ళో ఎవడూ బకెట్ తీసుకుని రాడు. అది మా లోయలో ఏనాటినుంచో ఉన్న కట్టుబాటు.

"బుర్గీ! అది గొట్టాల మేస్త్రీ చేతిది," అన్నాడు నాన్న.

"మేస్త్రీ కుర్చీలో ఉన్నాడు కదా. చెయ్యి నేను అరువిస్తాను."

సెన్సి అత్త గిన్నెలు సర్దుతూ అంది, "మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఇక మొండిదాని సంగతి చెప్పాలా! వెళ్ళనీ తమ్ముడూ. రోడ్డున పడాల్సొస్తే తలెత్తుకునే పడదాం."

*

మొదటి ఇంటూ నేను గీస్తుండగానే క్విరిన్ తడిగుడ్డతో తుడిచేశాడు. నేను అక్కడే నిలబడి మళ్ళీ గీశాను. మళ్ళీ తుడిచాడు.

"నీకు పిచ్చి గానీ పట్టిందా పిల్లా?"

"పట్టింది మామా. నీ గొట్టానికి పట్టినట్టే పట్టింది."

ఆదివారం, చర్చి వదిలిపెట్టి జనమంతా వీధిలోకి వచ్చే వేళకి వెళ్ళి, ఈసారి తలుపు నిండా గీశాను. నా బట్టలు ఆదివారం బట్టలు, చేతులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఎవరో కుర్రాడు, "మొగుడు దొరక్క తలుపులకి బొట్లు పెడుతోంది రోయ్!" అని అరిచాడు. నలుగురు నవ్వారు.

"నీలాంటి మొగుడు దొరకడం కంటే తలుపే నయం," అన్నాను. "తలుపు కనీసం మూసుకుంటుంది."

ఆ నవ్వు అటు తిరిగింది. క్విరిన్ మాత్రం నవ్వలేదు. అందరి ముందూ బకెట్‌తో నీళ్ళు తెచ్చి తలుపు మీద గుమ్మరించాడు. ఎర్రటి నీళ్ళు గడప మీంచి నా బూట్ల దాకా పారాయి.

"రేపటినుంచి హాస్లింగరే ఈ ఊరి మేస్త్రీ," అన్నాడు. "పంచాయతీ కూర్చున్నా కూర్చోకపోయినా."

ఆ మాట అందరూ విన్నారు. ఇంటికెళ్ళే దారిలో, చెప్పొద్దూ, భయం వేసింది. నా పంతానికి నాన్న కుర్చీ ఏ చూరు కిందికి చేరుతుందో అనుకున్నాను. అయినా మర్నాడు సుద్దముక్క జేబులో వేసుకుని మళ్ళీ వెళ్ళాను.

తలుపు మీద ఇంటూ అప్పటికే ఉంది.

నేను గీసింది కాదు. సుద్ద కూడా కాదు, ఇటుక ముక్కతో గీసినట్టుంది, వంకరగా, చెక్క చెక్కుకుపోయేంత గట్టిగా. తడిగుడ్డకి పోయే రకం కాదు. వంటవాళ్ళు ముగ్గురూ చేతులు కట్టుకుని వాకిట్లో బల్ల మీద కూర్చున్నారు. లోపల పొయ్యి చల్లగా ఉంది. క్విరిన్ గొంతు వీధి దాకా వినిపిస్తోంది.

"ఎవరు గీశారో చెప్తారా లేదా!"

"నేనే నాన్నా."

ఆఫ్రా మెట్ల మీద నిలబడి ఉంది. వేలి కొసలు చెక్కుకుపోయి ఉన్నాయి.

"నువ్వా? నీ పెళ్ళి నువ్వే చెడగొట్టుకుంటావా? కాథ్రైన్ దాటితే క్రిస్మస్ అయ్యేదాకా పెళ్ళిళ్ళు లేవు. ఆ తర్వాత మంచుకి కొండ కనుమదారి మూసుకుంటుంది, పెళ్ళికొడుకు వాళ్ళు మంచు కరిగితే గానీ రాలేరు!"

"కొంప తగలబడితే ఏ పండక్కీ పెళ్ళుండదు. బుర్గి అక్క నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. నువ్వు చెప్పావు. నా కుక్కపిల్ల చచ్చిపోతే, పొలానికి వెళ్ళిందన్నావు గుర్తుందా?"

వంటవాళ్ళలో ఒకావిడ ఏప్రను అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. క్విరిన్ కూతుర్నీ, చల్లటి పొయ్యినీ, నన్నూ చూశాడు. కోపం కన్నా ఏం చేయాలో తోచకే అతని మొహం వేలాడింది.

"ఏం చెయ్యాలంటావు?" అన్నాడు నాతో.

"బ్రష్షుకి రాదు మామా. తగలబెట్టాలి."

"ఏంటీ?"

"గొట్టం లోపలి తారుకి మనమే నిప్పు పెట్టాలి. మనం చూస్తుండగా, పగటిపూట, మంటలార్పే దళం పక్కనుండగా. దానంతట అది అంటుకునే లోపల."

"ఇల్లు అంటుకుంటే?"

"అంటుకుంటే నా బ్రష్షులు నేనే తీసుకెళ్ళి హాస్లింగర్ చేతిలో పెడతాను. పంచాయతీకి ఆ శ్రమ కూడా ఉండదు."

*

బుధవారం గాలి లేదు. అదే కావాలి నాకు.

ముందు పొగ గది ఖాళీ చేయాలి. మగాళ్ళంతా అటకమీద గడ్డి దించడంలో, దళంవాళ్ళ నీళ్ళ పైపులు పరచడంలో ఉన్నారు. ఇక మిగిలింది ఆడవాళ్ళే. పొగ గది నుంచి వీధి అవతలి ధాన్యపు కొట్టు దాకా వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరు పంది తొడలు అందుకున్నారు. ముసలమ్మలు, కోడళ్ళు, నెలలు నిండినావిడ కూడా ఒకతె. సెన్సి అత్త ప్రతి తొడనీ వాసన చూసి మరీ పంపింది.

"క్విరినూ! ఆడగాలి బాగా తగులుతోంది, చూసుకో!" అని కేకేసింది.

క్విరిన్ అటు తిరిగి నిలబడ్డాడు. నాన్నని ఇద్దరు కుర్చీతో సహా మోసుకొచ్చి వీధిలో కూర్చోబెట్టారు. హాస్లింగర్ కూడా వచ్చాడు, ఎవరు కబురు చేశారో మరి. గోడకి ఆనుకుని చుట్ట వెలిగించుకున్నాడు. సెన్సి అత్త ఊరుకుంటుందా? "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు" అంది, అతనికి వినబడేలా.

నేను గొట్టం అడుగున ఉండే చిన్న తలుపు తెరిచి, చెక్కపొట్టూ ఎండుగడ్డీ కూరాను. గొట్టంలో నీళ్ళు పొయ్యొద్దని దళం వాళ్ళకి ఇంకోసారి చెప్పాను. వేడి ఇటుక మీద నీళ్ళు పడితే పగిలిపోతుంది. ఇసుక, తడి గోనెలు, అంతే. వీధిలోకి చూశాను. నాన్న తలూపాడు. అగ్గిపుల్ల గీశాను.

మొదట చిటపటలు. తర్వాత గొట్టం గాలి పీల్చుకుంది. ఆ పైన వచ్చింది చప్పుడు, సొరంగంలోకి రైలు దూరినట్టు. ఇల్లంతా అదిరింది, వంటింట్లో గరిటెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. బయట జనం "అమ్మో!" అన్నారు. గొట్టం నోట్లోంచి మనిషెత్తు మంట లేచిందని తర్వాత చెప్పారు. నేను చూడలేదు. నేను లోపల, అరచేతులు గోడకి ఆనించి ఒక్కో అంతస్తూ ఎక్కుతున్నాను. గోడ వెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి తీసేయాలనిపిస్తే ప్రమాదం.

వంటింటి మీద వెచ్చన. నడవాలో వెచ్చన.

పై అంతస్తులో పెళ్ళి గది. మంచం అప్పుడే ముస్తాబు చేసి ఉంది, కుట్టుపని దిళ్ళు, ఎత్తు పరుపు. తలవైపు పొగగొట్టం గోడకి ఆనించి ఉంది. మాలో కొత్తజంటకి ఇచ్చే మర్యాద అది, ఇంట్లో అన్నిటికంటే వెచ్చని చోటు వాళ్ళది. మంచం తలకట్టుకీ గోడ చెక్కకీ మధ్య చెయ్యి దూర్చాను. వెంటనే లాక్కున్నాను.

"గోనెలు! పైకి! గునపం కూడా!"

ఇద్దరొచ్చి మంచం లాగారు. గోడ చెక్క మంచం తల ఉన్నంత మేరా గోధుమరంగుకి మాడి ఉంది. గునపంతో ఒక చెక్క ఊడబెరికాను. వెనక ఒక దూలం కొస గొట్టం ఇటుకల్లోకి దూరి ఉంది, ఏ ముత్తాత కాలంలోనో పెట్టింది. అది నల్లగా బొగ్గైపోయింది. ఆ రోజు మంటకి అయింది కాదు. వేలు పెడితే లోపలికి దిగింది, ఎన్నో నెలలుగా కొంచెం కొంచెంగా మాడుతూ వచ్చిన బొగ్గు. ఇప్పుడు దాని చివర సన్నగా పొగ లేస్తోంది. తడి గోనెలు కప్పి, ఇసుక కూరి, అరచెయ్యి దాని మీదే పెట్టి నిలబడ్డాను. గొట్టంలో రైలు మెల్లగా దూరమైంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో క్విరిన్. ఎంతసేపటినుంచి ఉన్నాడో. దగ్గరికొచ్చి తనూ ఆ దూలంలో వేలు గుచ్చాడు. వేలి వంక చూసుకున్నాడు. తర్వాత మంచం వంక చూశాడు. ఎవర్నీ పిలవకుండా ఆ బరువు మంచం తనే ఎత్తి ఈడ్చుకుంటూ అవతలి గోడకి చేర్చాడు. ఒక దిండు కింద పడితే తీసి, దులిపి, దాని చోట దాన్ని పెట్టాడు.

సాయంత్రం గొట్టం చల్లారాక బ్రష్షు దించాను. గరగరలాడుతూ దిగింది. పొంగి పెళుసైన తారు బకెట్లకి బకెట్లు రాలింది. దూలం కొస కోయించి, ఇటుకలు పెట్టించి, తలుపు మీద ఇంటూని నేనే రంపపు పొట్టుతో రుద్ది తుడిచాను. ఆఫ్రా గీత మాత్రం చెక్కలో మిగిలిపోయింది.

*

శనివారం పెళ్ళి. సెన్సి అత్త తెల్లారే నా మంచి గౌను ఇస్త్రీ చేసి పెట్టింది.

"నేను రాను," అన్నాను.

"అదేం? ఆఫ్రా వచ్చి మరీ పిలిచిందిగా."

"ఆఫ్రా పిలిచింది. వాళ్ళ నాన్న పెదవి కదిపాడా? చర్చి గుమ్మంలో అదృష్టం కోసం ఎవర్ని నిలబెడుతున్నాడో తెలుసా? హాస్లింగర్ని! మంటకి నేనూ, అదృష్టానికి వాడూనా? నాకు పనుంది. ఫాదరిగారి గొట్టం సగంలో వదిలేశాను."

"ఇవాళే దులపాలా?"

"ఇవాళే దులపాలి."

నాన్న నవ్వు దాచుకుంటూ మీసం నిమురుకున్నాడు. "చర్చి గుమ్మం కనిపించే కప్పు," అన్నాడు. "బాగానే ఎంచుకున్నావు."

చర్చి గంటలు మోగే వేళకి నేను కప్పు మీద ఉన్నాను, మోచేతుల దాకా మసితో. కింద బ్యాండు ముందు నడుస్తోంది. వెనక ఆఫ్రా, తెల్ల గౌనులో, క్విరిన్ చెయ్యి పట్టుకుని. చర్చి గుమ్మంలో హాస్లింగర్ టోపీ తీసి, ఇత్తడి బొత్తాలు తళతళలాడుతుండగా, చెయ్యి చాచి నిలబడ్డాడు. ఆ బొత్తాలకి మసి అంటిన పాపాన పోలేదు. పక్కనే కుర్చీలో మా నాన్న.

ఆఫ్రా వాకిట్లో ఆగిపోయింది. ఎదురుగా ఉన్న ఆ చేతిని చూసింది. తల పైకెత్తి నా కప్పు వంక చూసింది. బ్యాండువాళ్ళు రెండడుగులు ముందుకెళ్ళి, వెనక ఎవరూ రావట్లేదని గ్రహించి వాయించడం ఆపేశారు.

"నడవ్వే," అన్నాడు క్విరిన్ గొంతు తగ్గించి. నిశ్శబ్దంలో అది కప్పు మీదికి కూడా వినిపించింది.

"అక్క దిగితే నడుస్తా."

"అంతా చూస్తున్నారే!"

"చూడనీ."

ఊరంతా చూస్తోంది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు చూస్తున్నారు. ఫాదరి గుమ్మంలోంచి తొంగిచూశాడు. క్విరిన్ తన చూపుడువేలు వంక ఒకసారి చూసుకున్నాడు. ఆ బొగ్గు ఇంకా గోట్లో ఉందేమో మరి. తర్వాత తలెత్తి, ఆదివారం నీళ్ళు గుమ్మరించినప్పుడు ఎంత గట్టిగా అన్నాడో అంత గట్టిగానూ పిలిచాడు.

"మేస్త్రీ!"

గుమ్మం పక్కన మా నాన్న ఉలిక్కిపడి, "ఆఁ" అని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇరవై యేళ్ళుగా ఆ పిలుపు ఆయనదే.

"నువ్వు కాదయ్యా లీన్‌హార్టూ," అన్నాడు క్విరిన్. "పైనున్నావిడ."

హాస్లింగర్ చాచిన చెయ్యి మెల్లగా దించుకుని టోపీ పెట్టుకున్నాడు. నాన్న మొహం ఆ దూరం నుంచి నాకు సరిగ్గా కనిపించలేదు. సెన్సి అత్త వంగి ఆయన కళ్ళు తన రుమాలుతో తుడవడం మాత్రం కనిపించింది.

"వస్తున్నా మామా!" అన్నాను. "పని సగంలో ఉంది. అయ్యాక దిగుతా."

ఊరంతా తలలెత్తి నిలబడింది. నేను తొందరపడలేదు. బ్రష్షు ఇంకోసారి అడుగు దాకా దించి, గరగరలాడుతుంటే విని, పైకి లాగి, గొట్టం మూత బిగించి, అప్పుడు నిచ్చెన మీద కాలు పెట్టాను. చేతులు కడుక్కోలేదు.